నాయన పందెం దూడకు దిగదు

కమలాపురం పక్క పల్లెల్లో కోడెదూడ బేరానికి కూర్చుంటే అమ్మేవాడు దూడ గురించి చెప్పడు, దాని నాయన గురించి చెబుతాడు. "నాయన బండలాగుడు సీనియర్స్‌లో ఫస్టు కొట్టినాడు. తాత కూడా పందెం ఎద్దే. దీనికి నేర్పే పనే ల్యాదన్నా, రక్తంలోనే ఉండాది." కొనేవాడు తలూపుతాడు. ఆ తలూపుకే ధర వేలు దాటి లక్షల్లోకి పోతుంది. దూడ గిట్టలు, వెన్ను, నడక చూసుకోవడం ఆ తర్వాతి సంగతి.

ఈ మాటకు ఈమధ్య కొత్త సాక్షి దొరికింది. అది సెల్‌ఫోన్ ఆట. వింత జీవాల్ని పట్టి, పెంచి, పోటీలకు తయారుచేసి, జతకట్టించి, పుట్టిన పిల్లను మళ్లీ పెంచే జపాన్ ఆటలు పాతికేళ్లకు పైగా ఉన్నాయి. తల్లిదండ్రుల్ని ఎంత బాగా తయారుచేస్తే పిల్ల అంత గట్టిగా పుడుతుందనీ, వాటితో ఎంత చనువు పెంచుకుంటే పిల్ల అంత మచ్చికగా వస్తుందనీ ఆడే కుర్రాళ్లు చెబుతారు. పెద్దవాళ్లకు ఇది బాగా నచ్చింది. "చూడు నాయనా, జపానోళ్లు కూడా అదే చెప్తాండారు" అంటున్నారు. కొట్టంలో నమ్మకానికి ఫోన్ పూచీ, ఫోన్‌లో లెక్కకు కొట్టం పూచీ.

ఈ పూచీ చెల్లదు. నేర్పిన విద్య విత్తనం గుండా దిగదు. మచ్చికా దిగదు. తరం నుంచి తరానికి అందేవి ఉన్నాయి, కాదనను. కానీ అవి అందే దారిలో ఒక మనిషి నిలబడి ఉంటాడు. 'రక్తం' అనే మాట ఆ మనిషిని కనపడకుండా చేస్తోంది. నా కోపమంతా అక్కడే.

ఆటల్ని సాక్ష్యానికి పిలిచారు కాబట్టి ముందు వాటినే అడుగుదాం. పోకెమాన్ ఆటల్లో రెండింటిని జతగా వదిలి గుడ్డు పెట్టించే పద్ధతి 1999లో జపాన్‌లో వచ్చిన గోల్డ్, సిల్వర్‌లతో మొదలైంది. అందులో తండ్రి వందో లెవెల్ చేరినా, చేరేలోగా ఎన్ని పోరాటాలు గెలిచినా, గుడ్డు పగిలి వచ్చే పిల్ల అడుగునుంచే మొదలుపెడుతుంది. తొలి ఆటల్లో ఐదో లెవెల్ నుంచి, 2006లో డైమండ్, పెర్ల్ వచ్చాక ఒకటో లెవెల్ నుంచి. సాధన చేసి సంపాదించిన బలానికి ఆటలో విడిగా ఒక ఖాతా ఉంది. ఆడేవాళ్లు దాన్ని ఈవీ అంటారు. పిల్లకు ఆ ఖాతా సున్నాతో తెరుచుకుంటుంది. పుట్టుకతో వచ్చే బలానికి ఇంకో ఖాతా, దాని పేరు ఐవీ. తల్లిదండ్రుల నుంచి వచ్చేది ఈ రెండోదే, అదీ పూర్తిగా కాదు. డెస్టినీ నాట్ అనే వస్తువును ఒకదాని చేత పట్టిస్తే, ఇద్దరివీ కలిపి ఉన్న పన్నెండు ఐవీల్లో ఐదు పిల్లకు చేరతాయి. 2013 నుంచి ఇదే లెక్క. ఇక చనువు సంగతి. ఆటగాడికి తల్లితో ఎంత స్నేహమున్నా పిల్లతో కొత్తగా కలుపుకోవాల్సిందే.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, దాచను. తండ్రికి వచ్చిన కొన్ని పట్లు గుడ్డులోనే పిల్లకు అందుతాయి. అయినా ఆ జాతికి ఏ పట్లు అందవచ్చో ఆట తయారుచేసినవాళ్లు ముందే జాబితా రాసిపెట్టారు. దాన్ని పక్కనబెడితే, కొట్టంలో కూర్చున్న పెద్దమనిషి కన్నా ఈ ఆటే జీవశాస్త్రం మెరుగ్గా చెబుతోంది. కండ వేరు, కాన్పు వేరు అని రెండు ఖాతాలు తెరిచింది. జపానోళ్లు కూడా అదే చెప్తాండారని అన్నవాళ్లు ఆ ఆట సరిగ్గా ఆడి ఉండరు.

పెద్దల మాటకు నిజంగా వత్తాసు పలికే ఆటలూ లేకపోలేదు. 1998లో గేమ్‌బాయ్ మీద వచ్చిన డ్రాగన్ క్వెస్ట్ మాన్‌స్టర్స్‌లో జతకట్టిన తల్లిదండ్రులిద్దరూ ఆటగాణ్ణి విడిచి వెళ్లిపోతారు. వాటి బలంలో కొంత, నేర్చిన విద్యలు పిల్లకు వస్తాయి. అవి ఎంత పై లెవెల్‌కు చేరి ఉంటే పిల్లకు అంత లాభం. 2021లో జపాన్‌లో విడుదలై 2025లో ఇంగ్లీషులోకి వచ్చిన ఉమామూసుమే ఇంకో అడుగు ముందుకేసింది. నిజంగా పరుగెత్తిన జపాన్ పందెపు గుర్రాల పేర్లు పెట్టిన ఆడపిల్లల్ని అందులో పరుగుకు తయారుచేస్తాం. ఒకరి తయారీ పూర్తయ్యాక ఆ శిక్షణ ఫలం కారకాలుగా మిగిలి, తర్వాతి పిల్లకు ఆస్తిలా సంక్రమిస్తుంది. తల్లిదండ్రుల స్థానంలో ఇద్దరు, వాళ్ల వెనక అవ్వాతాతల స్థానంలో నలుగురు. వాళ్లకూ పిల్లకూ పొత్తు ఎంత బాగా కుదిరితే అందేది అంత ఎక్కువ.

ఎందుకలా పెట్టారు? గుర్రాల గురించి తెలియక కాదు. వారాల తరబడి కష్టపడి ఆడినవాణ్ణి మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టమంటే ఫోన్ పక్కన పడేస్తాడు. పడ్డ కష్టం ఎక్కడికీ పోలేదని వాడికి చూపించాలి. అందుకని పిల్ల నొసట నాయన మార్కులు రాస్తారు. ఆటగాణ్ణి పోనీయకుండా కట్టేసుకునే వ్యాపారపు ఏర్పాటు అది. దాన్ని ప్రకృతి గురించిన సాక్ష్యంగా తీసుకుంటే తప్పు మనది.

ఆ ఆటలోనే కనిపించే ఒగురి క్యాప్ అసలు కథ చూడండి. కసమత్సు అనే చిన్న మైదానంలో మొదలై పెద్ద పందేల దాకా ఎదిగిన గుర్రం అది. 1988లో, మళ్లీ 1990లో అరిమా కినెన్ గెలిచింది. దాని చివరి పందెం చూడ్డానికి నకయామా మైదానానికి లక్షా 77 వేల మందికి పైగా జనం వచ్చారు. అంత శిక్షణ, అంత పోరు, అంత జనాభిమానం ఉన్న గుర్రాన్ని తర్వాత విత్తనానికి పెట్టారు. నాయన పేరు నిలబెట్టే పిల్ల ఒక్కటీ రాలేదు. కారకాలు ఆటలో దిగినంత సులువుగా గుర్రాలశాలలో దిగలేదన్నమాట.

ఆటల్లో తరం నుంచి తరానికి నిజంగా కొనసాగేవాడు ఒకడున్నాడు. ఆడేవాడు. మొదటి పిల్లను పెంచేటప్పుడు వాడికి ఏదీ తెలియదు. ఏం తినిపించాలో, ఎప్పుడు పడుకోబెట్టాలో, ఏ పోటీకి పంపి ఏది మానాలో తడుముకుంటాడు. మూడో తరం నాటికి చెయ్యి తిరుగుతుంది. పిల్ల తొందరగా పైకొస్తుంది. తెలివి పెరిగింది వాడికి, పేరు పిల్ల వంశానికి.

ఇది తెరమీది మాటే అనుకోకండి. శాస్త్రవేత్తలే ఇందులో పడ్డారు. బతికుండగా సంపాదించిన గుణాలు సంతానానికి వస్తాయని 1809లో లామార్క్ రాశాడు. 1880ల్లో జర్మనీలో వైస్మన్ అనే ఆయన ఎలుకల తోకలు కోసి, వాటికి పుట్టిన పిల్లల తోకలూ కోసి, అలా ఐదు తరాలు చూశాడు. 901 పిల్లలు పుట్టాయి, ఒక్కటీ తోక పొట్టిగా పుట్టలేదు. తోక కోయడం శిక్షణ కాదు కదా అని అడ్డం తిరిగేవాళ్లుంటారు. సరే, శిక్షణ సంగతే చూద్దాం.

గంట మోగితే కుక్క నోట నీళ్లూరుతాయని చూపిన పావ్‌లవ్ పేరు స్కూలు పిల్లలకూ తెలుసు. గంట మోగగానే మేత దగ్గరికి పరుగెత్తడం ఎలుకలకు నేర్పామని 1923లో ఆయన ప్రకటించాడు. మొదటి తరానికి 300 పాఠాలు పట్టాయి. వాటి పిల్లలకు 100 చాలాయి. మూడో తరానికి 30, నాలుగో తరానికి 10, ఐదో తరానికి 5. ఇంకొన్ని తరాలకు నేర్పకుండానే గంట విని పరుగెత్తే ఎలుక పుడుతుందని ఆశపడ్డాడు. కోడె బేరంలో వినిపించే "నేర్పే పనే ల్యాదన్నా" అచ్చంగా ఇదే. తర్వాత లెక్కలు సరిచూసుకుని పావ్‌లవ్ ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. తరం తరానికీ మెరుగైంది ఎలుకల నేర్పు కాదు, వాటికి పాఠం చెప్పినవాడి నేర్పు. నోబెల్ బహుమతి తీసుకున్న మనిషి తన మాట తానే కొట్టేసుకోగలిగాడు. మనవాళ్లలో ఆ గుణం ఉన్నవాళ్లు ఎందరో నాకు తెలియదు.

ఇంకో ముచ్చట. మెక్‌డూగల్ అనే మానసిక శాస్త్రవేత్త అమెరికాలో 1920ల నుంచి 1938 దాకా ఎలుకల్ని నీళ్లతొట్టిలో వదిలి, వెలుగున్న దారికి పోకుండా, అక్కడ కరెంటు షాకు తగులుతుంది గనక, చీకటి దారిన బయటపడటం నేర్పాడు. ముప్పైకి పైగా తరాలు. తరం గడిచేకొద్దీ తప్పులు తగ్గాయి. శిక్షణ రక్తంలో దిగింది, నిరూపణ అయిపోయింది అన్నారు. ఆస్ట్రేలియాలో ఏగర్ బృందం అదే పని మళ్లీ చేసింది. ఇరవై ఏళ్లు, 50 తరాలు. వాళ్లు చేసిన తెలివైన పనేమిటంటే ఏ శిక్షణా లేని ఎలుకల వంశాన్ని కూడా పక్కనే పెంచుకుంటూ వచ్చారు. 1954లో ఫలితం బయటపెట్టారు. శిక్షణ పొందిన వంశంలో వచ్చిన మార్పులన్నీ శిక్షణ లేని వంశంలోనూ వచ్చాయి. అంటే ఆ మెరుగుకు శిక్షణ కారణం కాదు. పక్కన పోల్చి చూసుకునే మందే లేకపోతే మెక్‌డూగల్ నమ్మకం ఇంకా చలామణీలో ఉండేది. మన పందెం ఎద్దుల విషయంలో ఆ పక్క మందను ఎవరు పెంచుతున్నారు?

ఈ నమ్మకాన్ని రాజ్యం పట్టుకుంటే ఏమవుతుందో సోవియట్ యూనియన్ చూసింది. సంపాదించిన గుణాలు సంతానానికి దిగుతాయన్న లైసెంకో మాట నెగ్గి 1948లో అక్కడ జన్యుశాస్త్రాన్నే నిషేధించారు. అంతకుముందే, 1943లో, ప్రపంచమంతా తిరిగి విత్తనాలు కూడబెట్టిన జన్యుశాస్త్రవేత్త వావిలోవ్ జైల్లో చనిపోయాడు. కోడె ధర దగ్గర మొదలయ్యే అమాయకపు మాట కాదిది.

ఇప్పుడు మన జాతి సంగతికొద్దాం. ఒంగోలు పశువు రక్తం మీద ప్రయోగం ఇప్పటికే జరిగిపోయింది, అదీ లక్షల కోట్ల విలువైన ప్రయోగం. పందొమ్మిదో శతాబ్దం నుంచీ మన ఒంగోలు పశువులు బ్రెజిల్‌కు పోయాయి. 1960ల మొదట్లో పోయిన మందలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరే పెట్టుకున్న కోడె ఒకటి ఉంది. అక్కడి పశువంశావళుల్లో ఆ పేరు ఈనాటికీ గౌరవంగా రాస్తారు. నెలోర్ పేరుతో ఆ జాతి బ్రెజిల్ మందల్లో అధికభాగమైంది. వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ 40 లక్షల డాలర్లు దాటి గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. తెల్ల తోలు, మూపురం, ఎండకు ఓర్చుకునే గుణం, కండ, అన్నీ తరాల తరబడి దిగాయి. కాడి మోయడం దిగిందా? అక్కడ వాటిని మాంసానికి పెంచుతారు. బండ అంటే ఏమిటో వాటికి తెలియదు. మనిషి చెయ్యి తగలకుండా పెద్ద బీళ్లలో పెరిగిన నెలోర్ బెదురుగొడ్డని అక్కడ పేరు. అదే రక్తం మన కొట్టంలో పుడితే చంటిపిల్లలు మూపురం మీదెక్కి కూర్చున్నా కదలదు. రక్తం ఓడెక్కి పోయింది, విద్య కృష్ణ, పెన్నల మధ్యే ఉండిపోయింది. ఇంతకన్నా పెద్ద రుజువు ఏ ప్రయోగశాల ఇస్తుంది?

ఇంకా చిన్న రుజువు కావాలంటే స్ట్రా ఉంది. నంద్యాల లాంటి ఘనీకృత వీర్య కేంద్రాల్లో కోడె వీర్యాన్ని సన్నటి స్ట్రాల్లో నింపి ద్రవ నత్రజనిలో, సున్నాకు 196 డిగ్రీల కింద దాస్తారు. ఒక కోడె బండ ముఖం చూడకముందు తీసిన స్ట్రా ఒకటి, అదే కోడె ఐదు బహుమతులు కొట్టాక తీసిన స్ట్రా ఇంకొకటి. రెండింటినీ పక్కపక్కన పెట్టి అడగండి, ఏ స్ట్రా దూడకు బండ లాగడం ఎక్కువ వస్తుందని. రక్తంవాదికి ఒకటే జవాబు ఉండాలి, రెండోదని. ఆ జవాబు చెప్పడానికి వాడే సిగ్గుపడతాడు. స్ట్రాలో ఉండేది కోడె పుట్టినప్పుడు తెచ్చుకున్నదే. గెలిచినందుకు అందులో ఒక్క అక్షరం చేరదు, ఓడినందుకు ఒక్క అక్షరం చెరగదు.

"అట్లయితే గెలిచిన ఎద్దు కొడుకులు గెలుస్తాండాయి కదా?" అని గట్టిగా అడుగుతారు. గెలుస్తున్నాయి, కొన్ని. ఎందుకో చూడాలంటే బండలాగుడు అనే పని ఏమిటో చూడాలి. కమలాపురం గఫారియా దర్గా ఉరుసుకో, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు పల్లెల తిరునాళ్లకో పోయి నిలబడి చూడండి. పాలపళ్ల దూడలకు ఒక విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు వేసినవాటికి వేరువేరు విభాగాలు, ఆపైన జూనియర్స్, సీనియర్స్. బండను కాడికి కట్టి, ఇచ్చిన నిమిషాల్లో ఎన్ని అడుగులు లాగిందో టేపు పెట్టి కొలుస్తారు. బలమొక్కటే అయితే మొదటి లాగుకే తేలిపోయేది. పట్టీ చివర తిరుగుడు ఉంటుంది. అక్కడ లోపలి ఎద్దు ఆగాలి, బయటి ఎద్దు చుట్టి రావాలి, బండ ఆగకూడదు, కాడి మెలి పడకూడదు. మనిషి అరుపుకు అడుగు కలపాలి. జనం ఈలలకు బెదరకూడదు. జతలో పక్కవాడు నీరసపడితే తాను ఎంత లాగాలో తెలియాలి. ఇవన్నీ నేర్చుకున్నవి. దూడప్పటి నుంచి ఏటి ఇసుకలో నడిపించి, దున్నిన చేనులో చిన్న మొద్దు కట్టి లాగించి, ఈత కొట్టించి, ఉలవలు ఉడికించి పెట్టి, కాళ్లకు నూనె రాసి, రాత్రి కొట్టంలోనే పక్కన మంచం వేసుకుని పడుకుని ఎవరో ఒకరు నేర్పినవి.

జతలో ఒకటి వలపట, ఒకటి దాపట. దాపట అలవాటైన ఎద్దును వలపట కడితే తొట్రుపడుతుంది. వంశమే విద్య అయితే దాపటి ఎద్దు కొడుకు దాపటోడుగానే పుట్టాలి కదా? అలా పుడుతుందని ఏ రైతూ అనడు. ఎందుకంటే ఆ సంగతి తన చేత్తో చేసి చూశాడు. తన చేతికి తెలిసిన నిజాన్ని బేరం దగ్గర నోరు మర్చిపోతుంది.

ఇక గెలిచిన ఎద్దుకు పుట్టిన దూడకు ఏం జరుగుతుందో గమనించండి. పుట్టకముందే దానికి గిరాకీ. కొన్నవాడు లక్షలు పోశాడు గనక పాలు మానిపించడు, గుడ్లు తగ్గించడు, చెయ్యి తిరిగిన మనిషినే జీతానికి పెడతాడు. అదే కోడెకు పేరులేని ఆవు కన్న దూడ, అదే ఊళ్లో పేద ఇంటి కొట్టంలో, ఎండిన చొప్ప మేసి సేద్యానికి పోతుంది, లేదా సంతకు పోతుంది. ఒకటి గెలుస్తుంది, ఇంకొకటి పందెపు పట్టీ దాకానే రాదు. గెలిచినదాన్ని చూపి వంశం అంటారు. రానిదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. ఎత్తు, ఎముక, డెక్క గట్టిదనం, ఊపిరి, కొంత నిదానం, ఇవి విత్తనంలో వస్తాయని నేనూ ఒప్పుకుంటాను. పాలలాంటి కొలిచి చూసిన గుణంలోనే పశువుకూ పశువుకూ ఉండే తేడాలో జన్యువుల వాటా సుమారు పావు నుంచి మూడో వంతు. మిగతాదంతా మేత, నీడ, జబ్బు, చాకిరీ. ఎన్నో నేర్పులు కలిసిన బండలాగుడుకు ఆ వాటా అంతకన్నా పెద్దదని నమ్మడానికి నాకే ఆధారమూ కనిపించలేదు.

పైగా ఈ వంశం లెక్కలో సగం పశువే లేదు. దూడకు సగం తల్లినుంచి వస్తుంది. బేరంలో నాయన, తాత, ముత్తాత పేర్లు చెబుతారు. తల్లి ఆవు ఏదని అడిగితే "మన ఇంటి ఆవేలే" అంటారు. ఆ ఆవు ఎన్నడూ కాడి మోయలేదు, ఎవరూ దానికి ఏమీ నేర్పలేదు. మరి సగం విద్య ఎవరిచ్చారు? పోకెమాన్‌లో పిల్ల ఏ జాతిదో మామూలుగా తల్లిని బట్టే తేలుతుంది. ఆ మాత్రం గౌరవం కూడా మన పందెపు లెక్క ఆవుకు ఇవ్వడం లేదు.

చనువు సంగతి మిగిలింది. ఇక్కడ ప్రత్యర్థుల దగ్గర కొత్త ఆయుధం ఉంది, ఎపిజెనెటిక్స్. వాట్సాప్‌లో తిరిగే వీడియోల్లో ఈ మాట చెప్పని వైద్యుడు లేడు. తల్లి అనుభవం బిడ్డ జన్యువుల మీద ముద్ర వేస్తుందని శాస్త్రమే తేల్చేసిందంటారు. అసలు ప్రయోగం ఏమిటో చూడండి. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మైకేల్ మీనీ బృందం 1990ల నుంచీ తల్లి ఎలుకల్ని గమనించింది. కొన్ని తల్లులు పిల్లల్ని బాగా నాకుతాయి, కొన్ని అంతగా నాకవు. బాగా నాకించుకున్న పిల్లలు పెద్దయ్యాక బెదురు తక్కువతో ఉంటాయి, తమ పిల్లల్నీ బాగా నాకుతాయి. వంశగుణంలాగే కనిపిస్తుంది. అప్పుడు వాళ్లు పిల్లల్ని మార్చారు. నాకని తల్లికి పుట్టినదాన్ని నాకే తల్లి దగ్గర పెంచారు. ఆ పిల్ల పెంచిన తల్లిలాగే తయారైంది, తాను తల్లయ్యాక అలాగే నాకింది. 2004లో అచ్చయిన పరిశోధనలో జన్యువుల మీద ముద్రలు కనిపించిన మాట నిజమే. ఆ ముద్ర వేసింది నాలుక. విత్తనం కాదు. ఎపిజెనెటిక్స్ పేరుతో రక్తంవాదులు తెచ్చే పెద్ద సాక్ష్యం మొత్తం పెంపకానికి సాక్ష్యం.

ఇంకొకటి చూపిస్తారు. ఒక వాసనకు భయపడటం నేర్చిన మగ ఎలుకల పిల్లలూ మనవలూ ఆ వాసనకు ఎక్కువగా ఉలిక్కిపడ్డాయని 2014లో డయస్, రెస్లర్ రాశారు. ఆ లెక్కల మీద ఇంకా వాదాలు నడుస్తున్నాయి. నిజమే అనుకుందాం. ఉలికిపాటుకూ, పట్టీ చివర అరుపుకు అడుగు కలిపి తిరగడానికీ ఎంత దూరం? ముక్కుకు తగిలిన భయం దిగిందని చూపించి మూపు నేర్చిన విద్య దిగుతుందనడం సాక్ష్యాన్ని సాగదీయడమే.

కొట్టంలో మనవాళ్లకు ఇదంతా చేతల్లో తెలుసు. ఈనిన ఆవు దూడను నాకి ఆరబెట్టేటప్పుడు ఇంటి మనిషి పక్కనే ఉండి తడుముతాడు. తల్లి ఆ మనిషిని చూసి బెదరకపోతే దూడా బెదరదు. మచ్చిక అలా అందుతుంది, ఆ మొదటి రోజుల్లో, ఆ చేతి గుండా. తల్లిని ఎంత ప్రేమగా సాకినా దూడను పుట్టగానే చర్నాకోల పట్టినవాడికి అప్పగించండి, మూడో నెలకు ఆ మచ్చిక ఎక్కడుందో వెతుక్కోవాలి.

అభిమన్యుడి పేరెత్తేవాళ్లకు ఒక మాట. పద్మవ్యూహం కథ గర్భంలో విన్నాడంటారు, నాయన రక్తంలో వచ్చిందనరు. చెప్పినవాడు మధ్యలో ఆపేశాడు గనక సగమే వచ్చింది. గురువు ఎక్కడ ఆగితే విద్య అక్కడే ఆగుతుంది. హిరణ్యకశిపుడి రక్తం ప్రహ్లాదుడిలో ఏం చేసింది? మన కడప జిల్లాలోనే బ్రహ్మంగారి తర్వాత జనం నోట ముందుగా పలికే పేరు ముడుమాల దూదేకుల ఇంట పుట్టిన శిష్యుడు సిద్దయ్యది. మన కథలు రక్తంవాదులకు ఎప్పుడూ అచ్చిరాలేదు.

ఎద్దుల దగ్గర ఆగితే ఇంత దూరం రాసేవాణ్ణి కాదు. ఇదే మాటను మనుషుల మీద వాడుతున్నారు, ముఖ్యంగా మన మీద. 1999లో సమరసింహారెడ్డి, 2002లో ఆది, ఇంద్ర సినిమాలు వచ్చాక ఈ జిల్లా పేరు చెబితే చాలు, "సీమ రక్తం" అంటారు. నాయన పగ కొడుక్కు పుట్టుకతోనే దిగుతుందని, పులివెందుల, జమ్మలమడుగు పిల్లవాడు కత్తి పట్టడం నేర్చుకోనక్కర్లేదని. సినిమా టిక్కెట్టుకు ఇది బాగుంటుంది. ఇందులో గొప్పే చూసుకుని మీసం తిప్పే మనవాళ్లూ ఉన్నారు, అది ఇంకా దిగులు. పగ కూడా నేర్పిస్తేనే వస్తుంది. మంచం పక్కన కూర్చోబెట్టి చెప్పేవాళ్లు, బాంబుల సంచి మోయించేవాళ్లు, కేసులో పేరు రాయించేవాళ్లు ఉండాలి. వాళ్లు లేని ఇళ్లలో అదే రక్తం కువైట్‌లో బండి నడుపుతోంది, బెంగళూరులో కంప్యూటర్ ముందు కూర్చుంది. 2008లో ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ పెట్టి, సర్కారు బడిలో పదో తరగతి చదివిన పల్లె పిల్లల్ని తెచ్చి కూర్చోబెట్టారు. వాళ్లలో ఎందరి నాయనలు ఇంజినీర్లు? డాక్టరు కొడుకు డాక్టరవుతాడనే మాట కూడా కోడెదూడ బేరం లాంటిదే. ఆ ఇంట్లో పుస్తకం ఉంటుంది, కోచింగు ఫీజు ఉంటుంది, తప్పితే మళ్లీ రాయించే ఓపిక ఉంటుంది. పేరు మాత్రం రక్తానికి.

ఈ నమ్మకం వల్ల నష్టపోయేది ఎవరో చెప్పుకోవాలి. దూడను కొన్న రైతు నష్టపోతాడు, నాయన పేరుకు లక్షలు పోసి మేపడానికి డబ్బు మిగలక. దూడ నష్టపోతుంది. నాయనంత లాగలేదని నాలుగు పళ్లకే సంతకు తోలినవాటిని చూస్తూనే ఉన్నాం. రక్తంలో ఉండాల్సింది లేదంటే తప్పు దూడదే అవుతుంది, నేర్పనివాడిది కాదు. అందరికన్నా ఎక్కువ నష్టపోయేవాడు కొట్టంలో పడుకునే జీతగాడు. మైకులో ఎద్దుల యజమాని పేరు చెబుతారు, ఊరు చెబుతారు, నాయన ఎద్దు పేరు చెబుతారు. ఎప్పుడు దాణా పెట్టాలో, ఏ అరుపుకు ఏ అడుగు వేయాలో నేర్పినవాడు బండ పక్కన చెమటతో పరుగెత్తుతూనే ఉంటాడు, వాడి పేరు ఎవరికీ తెలియదు. వంశం అనే మాట ఎవరి కష్టాన్ని తినేసి బతుకుతుందో అక్కడ కళ్లారా కనిపిస్తుంది.

ఈ వాదన లెక్కలతో తేల్చడం చేతకాని పనేమీ కాదు. ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది. పులివెందులలో పశుపరిశోధన కోసమని ఐజీ కార్ల్ పేరుతో వందల ఎకరాల్లో భవనాలు కట్టి ఏళ్ల తరబడి ఖాళీగా పెట్టారు. ఒక్క కోడెకు పుట్టిన దూడల్ని అన్ని రకాల కొట్టాల్లో లెక్కరాసి, ఏ దూడ ఎవరి చేతిలో ఎలా తయారైందో పదేళ్లు గమనిస్తే చాలు. ఏగర్ ఇరవై ఏళ్లు ఎలుకల మీద పెట్టిన ఓపికలో సగం మనం మన ఎద్దుల మీద పెట్టలేమా?

అంతదాకా ఉరుసు నిర్వాహకులకు, తిరునాళ్ల కమిటీలకు ఒక విన్నపం. వచ్చే పోటీల్లో జత పట్టీ మీదికి వచ్చినప్పుడు మైకులో యజమాని పేరు తర్వాత, నాయన ఎద్దు పేరు కన్నా ముందు, ఆ జతను పెంచి నేర్పిన మనిషి పేరు చదివించండి. బహుమతి సొమ్ములో అతని వాటా ఎంతో కరపత్రం మీద అచ్చు వేయండి. దూడ కొనబోయే అన్నలారా, నాయన ఎవరని అడిగే ముందు దీన్ని ఎవరు పెంచుతున్నారని అడగండి. వీలైతే ఆ మనిషిని కూడా మంచి జీతానికి మాట్లాడుకుని తెచ్చుకోండి.